‘ఆర్ఫియస్’ బ్యాలేలో గంత, తెర: వేదిక మీద ఎలా కుదురుతాయి?

ప్రశ్న
నృత్యకర్త బాలన్‌షీన్ కూర్చిన ‘ఆర్ఫియస్’ (1948)లో ఆర్ఫియస్ కళ్ల గంత పీకేయగానే యూరిడిసి చచ్చిపడి, తెర కిందుగా వెనక్కి మాయమవుతుంది. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో, చనిపోయిన భార్య యూరిడిసిని మృత్యులోకం నుంచి తెచ్చుకునే ఆర్ఫియస్‌కి పెట్టిన షరతు వెనక్కి చూడకూడదనే కదా, ఇక్కడ గంత ఎందుకు? ఆ కథనే మేం సొంతంగా కూర్చుకుంటున్నాం. మా హాల్లో తెర పైకెత్తే ఏర్పాటు లేదు.

జవాబు 1
వెనక్కి చూడకుండా నడవడమొక్కటే అయితే ఇద్దరూ ఎదురెదురుగా ఆడే వీలుండదు. గంత ఉంటే ఆమె ముందుకొచ్చి, మెడకు చుట్టుకుని బతిమాలినా షరతు చెడదు. ఆ బ్యాలేకి ప్రాణం అక్కడే ఉంది.

కష్టమూ అక్కడే. మామూలుగా అమ్మాయి బరువు ఎటు ఒరుగుతోందో చూసి అబ్బాయి నడుము అందుకుంటాడు. గంత కడితే ఆ బాధ్యత ఆమెది: ముందు చెయ్యి తాకాలి, తర్వాతే బరువు వేయాలి. వరస తప్పితే ఇద్దరూ పడతారు. మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి, చివర్న గంతతో సాధన చేయించండి. ఒంటికాలి భ్రమణాలు అతనికి పెట్టొద్దు, చూపు ఆనే చోటు లేక తూలిపోతాడు. ముడి వద్దు, ఎలాస్టిక్ పెట్టండి.

జవాబు 2
ఆ బ్యాలేకి రంగాలంకరణ చేసిన నొగూచి తెర పల్చటి తెల్ల పట్టు, గాలికే అలలాడుతుంది. మీకు బిగించిన తీగ మీద రింగుల తెర చాలండి. కూచిపూడి ప్రవేశానికి పట్టినట్టు ఇద్దరు పట్టుకున్నా సరే, కానీ లాగడానికి వేరే ఇద్దరు కావాలి. అడుగు అంచు నేలకు తగలాలి గానీ అందులో గొలుసు వేయొద్దు, ఆమెకు అడ్డం పడుతుంది.

ఆమె తల తెరవైపు ఉండేలా పడాలి. కాళ్లు పట్టి లాగితే గౌను పైకి పోతుంది. మణికట్లు కాదు, చంకల కింద పట్టుకోవాలి, లేకపోతే భుజం జారుతుంది. వినైల్ నేల చర్మాన్ని పట్టేసి ఒరిపిస్తుంది కాబట్టి వీపు కప్పే దుస్తులు వేయండి. తెర వెనక దీపం అసలొద్దు, లాగేవాళ్ల నీడలు కనిపిస్తాయి.

జవాబు 3
యూరిడిసి చనిపోయేచోట, ఆ బ్యాలేకి సంగీతం కట్టిన స్ట్రావిన్‌స్కీ వాద్యబృందాన్ని మొత్తం ఆపేశాడు. మీ సంగీతం ఏదైనా ఆ నిశ్శబ్దం ఉంచండి, డప్పు దెబ్బతో నింపొద్దు. ఆయన స్వరాలే వాడాలంటే మాత్రం అనుమతి కావాలి: 1971లో పోయారు, మన చట్టంలో హక్కులు ఆ తర్వాత 60 ఏళ్లుంటాయి. బాలన్‌షీన్ అడుగులకు బాలన్‌షీన్ ట్రస్ట్‌ని అడగాలి. కథకు ఎవరినీ అడగక్కర్లేదు.