గోరా సభ: హాలు పోయింది, అందరూ వెంటనే చూడండి (డాలస్ గ్రూపు, ఇక్కడ ఎవరినైనా సొంత ఊరి పేరుతోనే పిలుచుకుంటాం)

దేవరకొండ, ఆదివారం రాత్రి 9:40
అందరికీ నమస్తే. గుడి కమ్యూనిటీ హాలు రద్దయింది, ఇందాకే ఫోన్ వచ్చింది. కార్తీక మాసం, దీపోత్సవానికి హాలు కావాలని మొదట అన్నారు. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఫ్లయర్ మీద "నాస్తికోద్యమ నాయకుడు గోరా జయంతి" అని ఉండటం కమిటీలో కొందరికి నచ్చలేదట. డిపాజిట్ వాపసు ఇస్తామన్నారు. సభ వచ్చే శనివారమే, నవంబర్ 15. నేను హాలు వెతుకుతాను, మిగతా పనులు మాత్రం ఆగొద్దు. లిస్టు మళ్లీ పెడుతున్నాను:

హాలు: నేను
మైకు, ప్రొజెక్టర్, తెర: సూర్యాపేట
భోజనాలు: నకిరేకల్ వదిన
నల్లగొండ సార్ వీడియో ప్రసంగం: అచ్చంపేట
ఫొటోల ప్రదర్శన, పిల్లల క్విజ్: మక్తల్
విరాళాల టేబుల్: ఇంకా ఎవరూ లేరు

డాలస్ చుట్టుపక్కల ఎవరికైనా ఖాళీ హాలు తెలిస్తే ఈ రాత్రే చెప్పండి.

సూర్యాపేట, 9:58
రెండు హోటళ్లకు ఫోన్ చేశాను అన్నా. అంత డబ్బు మన దగ్గర లేదు. లైబ్రరీలో గది ఉంది కానీ చిన్నది, పైగా లోపల భోజనం వద్దన్నారు. నాకు ఒకటే దారి కనిపిస్తున్నది. ఫ్లయర్ మార్చి, "స్వాతంత్ర్య సమరయోధుడు, సంఘ సంస్కర్త గోరా జయంతి" అని వేద్దాం. రెండూ నిజాలే. క్విట్ ఇండియాలో ఆయన జైలుకు పోయాడు. కొత్త ఫ్లయర్ చూపించి కమిటీని మళ్లీ అడుగుదాం, ఒప్పుకుంటారు. వంద మందికి చెప్పి పెట్టాం, ఇప్పుడు సభ ఆగిపోతే పరువు పోతుంది.

మక్తల్, 10:05
ఒక్క మాట తీసేస్తే హాలు ఇస్తారా? 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో గోరా కొలువు పోయింది ఆ ఒక్క మాటకే. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్, ఇంట్లో పెళ్లాం పిల్లలు. నాకు దేవుడి మీద నమ్మకం లేదన్న మాట వెనక్కి తీసుకుంటే హాయిగా బతికేవాడు. తీసుకోలేదు. ఆయన పేరు మీద సభ పెట్టి, ఆయన కొలువు పోగొట్టుకున్న మాటను మనం హాలు కోసం చెరిపేస్తామా? అట్లయితే నా పేరు లిస్టులోంచి తీసెయ్యండి.

సూర్యాపేట, 10:09
తమ్ముడూ, ఆవేశం వద్దు. హాలు నువ్వు చూస్తావా మరి?

మక్తల్, 10:12
హాలు లేకపోతే రోడ్డు మీద పెడదాం. ఆ కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడేది మాత్రం లేదు. మూఢనమ్మకాల దుకాణం వాళ్లది.

నకిరేకల్, 10:31
ఆ మాట నాకు తగిలింది. ప్రతి శనివారం ఆ గుడి వంటింట్లో పులిహోర కలిపేది నేనే. ఆ కమిటీలో ఉన్నవాళ్లు మన పిల్లలకు తెలుగు చదువు చెప్పినవాళ్లు. దుకాణం అనకండి.

దేవుణ్ణి నమ్మే మనిషిని గోరా సభకు వంట ఎందుకు ఒప్పుకున్నానని ఒక్కరూ అడగలేదు. మా ఊరి హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి. ఒక రకం లోపల బల్ల మీద. ఇంకో రకం బయట, చూరులో దోపి. చాయ్ తాగి, ఎవరి గ్లాసు వాళ్లే కడిగి మళ్లీ చూరులో పెట్టి పోవాలి. మా నాన్న లోపల తాగేవాడు. మా పొలంలో నాతోపాటు కలుపు తీసిన నా ఈడు పిల్ల బయట నిలబడి తాగేది. నేను రోజూ దండం పెట్టుకునే దేవుడు ఆ చూరు చూసి ఊరుకున్నాడని అనుకోవడం నాకే కష్టం. అది తప్పని ఊరూరా తిరిగి చెప్పిన మనిషికి నేను వండి పెడతాను. ఆయన దేవుడు లేడన్నాడో, ఉన్నాడన్నాడో నాకు అనవసరం. కానీ నన్ను, నా గుడిని తిడితే వండను.

అచ్చంపేట, 10:40
వదినా, మక్తల్ అన్నది కమిటీ గురించి, మీ గురించి కాదు. అందరూ పడుకోండి. ఇండియాలో పొద్దున అయింది, నేను నల్లగొండ సార్‌తో మాట్లాడతాను.

నల్లగొండ సార్, సోమవారం (మీకు ఆదివారం అర్ధరాత్రి)
పిల్లలూ, అంతా చదివాను. గుడివాళ్ల హాలు గుడివాళ్లది. దాని మీద లొల్లి వద్దు.

ఫ్లయర్ సంగతి చెప్తాను. సూర్యాపేట చెప్పిన రెండూ నిజాలే, కానీ ఆ నిజాలు ఎక్కడ నుంచి మొలిచాయో చూడాలి. పూర్వజన్మ కర్మ వల్లనే ఈ పుట్టుక అని ఒప్పుకున్నారనుకోండి, అంటరానివాడికి ఇంక అడగడానికి ఏమీ మిగలదు. తలరాత అని ఊరుకుంటాడు. రాత లేదు, మనిషి చేసిందే ఉంది, మనిషే మార్చాలి అన్నాడు గోరా. ఆయన నాస్తికత్వం అది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి పున్నమి రాత్రుల్లో అన్ని కులాల సహపంక్తి భోజనాలు నడిపింది ఆ ఆలోచనతోనే. 1947లో కేంద్రాన్ని విజయవాడకు మార్చారు. గర్భవతులు గ్రహణం చూడొద్దని లోకమంతా అంటే, కడుపుతో ఉన్న ఆయన భార్య సరస్వతీ గోరా బయటికొచ్చి చూసింది. కొడుక్కి లవణం అని పేరు పెట్టారు, ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా. నాస్తికుడు అన్న మాట కొట్టేస్తే ఈ పనులకు వేరు ఉండదు.

అయితే మక్తల్ కూడా ఒకటి వినాలి. ఇదే గోరా సేవాగ్రాం ఆశ్రమానికి పోయి గాంధీ ముందు కూర్చున్నాడు. రాముడి పేరు తలవకుండా పొద్దు గడవని మనిషి గాంధీ. ఇద్దరూ వాదించుకున్నారు, ఒకరినొకరు మార్చుకోలేదు, కానీ కలిసి పనిచేశారు. పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లి చేస్తానని గోరా అంటే, సేవాగ్రాంలో నేనే జరిపిస్తానన్నాడు గాంధీ. పెళ్లి తంతులో దేవుడి పేరు ఉన్నచోట సత్యం అని మార్చడానికి కూడా ఒప్పుకున్నాడు. 1948 జనవరిలో గాంధీని చంపేశారు. పెళ్లి మార్చిలో సేవాగ్రాంలోనే జరిగింది. ఆ సంభాషణలను గోరా రాస్తే, గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో అచ్చేసింది. నమ్మేవాళ్లను తిట్టి ఆ పెళ్లి చేయగలిగేవాడా?

మన దగ్గరి సంగతి కూడా చెప్పండి సభలో. చెర్వుగట్టు జాతరలో అగ్నిగుండాలు మీరంతా చూసినవాళ్లే. నాస్తిక కేంద్రం వాళ్లు మంత్రం, ఉపవాసం ఏదీ లేకుండా నిప్పుల మీద నడిచి చూపించారు. బొగ్గు, దాని మీద పేరుకున్న బూడిద వేడిని అంత తొందరగా కాలికి ఎక్కించవు. ఆగకుండా నడిస్తే చర్మం కాలేలోపే అడుగు లేస్తుంది. ఇది చెబితే భక్తులను తిట్టినట్టు కాదు. ఏదో ఊళ్లో ఒకరికి జ్వరం తగ్గకపోతే, బాణామతి చేసిందని ఎవరో ముసలమ్మ మీద పడతారు చూడండి, అప్పుడు ఈ చదువు ఒక ప్రాణం నిలబెడుతుంది. మంత్రాల నెపంతో మన జిల్లాల్లో ఎంతమంది పోయారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఫ్లయర్ మీద ఇట్లా వెయ్యండి: "గాంధీతో వాదించిన నాస్తికుడు గోరా". ఒక్క అక్షరం దాచొద్దు.

దేవరకొండ, సోమవారం ఉదయం 7:15
సార్, నమస్తే. మీరు గాంధీ అనగానే తట్టింది. అర్వింగ్‌లో థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీ విగ్రహం ఉంది కదా, 2014 అక్టోబర్ 2న పెట్టింది. అక్కడే కూర్చుంటే? ఆఫీసుకు పోతూ సిటీవాళ్లకు ఫోన్ చేస్తాను.

సూర్యాపేట, 7:22
ఆరుబయట ప్రొజెక్టర్ పనిచెయ్యదు అన్నా. ఎండలో తెర మీద ఏమీ కనపడదు. వాన పడితే?

అచ్చంపేట, 7:30
వాన లేదు, చూశాను. చలి ఉంటుంది, పొద్దున పదకొండుకు పెట్టుకుందాం. అక్కడ రాత్రి పదిన్నర, సార్‌కు కూడా వీలవుతుంది. వీడియో వద్దు, సార్ ఫోన్‌లో మాట్లాడతారు, స్పీకర్ పెడదాం.

దేవరకొండ, మధ్యాహ్నం 1:10
సిటీవాళ్లతో మాట్లాడాను. పెద్ద మైకులు, స్టేజీ, టెంట్లు పెడితే పర్మిట్ కావాలి, వారంలో రాదు. జనం వచ్చి కూర్చుని మాట్లాడుకుని తిని, శుభ్రం చేసి పోతే ఇబ్బంది లేదన్నారు. కాబట్టి మైకు లేదు. గొంతు ఉన్నవాళ్లే మాట్లాడతారు. వంద మంది ఒక్కచోట ఉంటే ఇబ్బంది, వచ్చేవాళ్లు ముందే చెప్పాలి.

నకిరేకల్, 1:35
పార్కులో చెట్టు కింద, కార్తీకంలో భోజనమా? మా అమ్మ వింటే వనభోజనం అంటుంది. వండుతాను. ఈ నెల మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అందరికీ అదే. పచ్చి పులుసు, జొన్న రొట్టెలు, శనగల కూర, పెరుగన్నం. ఇంకెవరైనా ఏమైనా తెస్తే తెచ్చుకోండి. ఒక్కటే షరతు. ప్లేట్లు పట్టుకుని కార్ల దగ్గర గుంపులు గుంపులుగా నిలబడటం వద్దు. చాపలేసి వరసగా కూర్చోవాలి, మా ఊరు మీ ఊరు, ఆ కులం ఈ కులం అని పక్కపక్కన చేరకుండా. చిన్నపిల్లలు వడ్డిస్తారు.

మక్తల్, 1:52
చాపలు నేను తెస్తాను వదినా. పొద్దున తొమ్మిదికే మీ ఇంటికి వచ్చి గిన్నెలు కారులో ఎక్కిస్తాను. రొట్టెలు చెయ్యడానికి మా అక్కను పంపనా?

నకిరేకల్, 1:55
పంపు. జొన్నపిండి కూడా తెమ్మను.

సూర్యాపేట, సాయంత్రం 6:20
ఫ్లయర్ కొత్తది చేశాను, సార్ చెప్పిన మాటే వేశాను. పూలదండ గురించి ఏమంటారు? కొనాలా?

నల్లగొండ సార్, మంగళవారం
వద్దు. పార్కుల్లో, ప్రభుత్వ భవనాల ముందు పూలమొక్కలు కాదు, కూరగాయలు పెంచండని సత్యాగ్రహం చేసిన మనిషి ఆయన. దండ డబ్బుతో కూరగాయలు కొని ఎవరికైనా ఇవ్వండి.

మక్తల్, మంగళవారం రాత్రి 8:30
విరాళాల సంగతి ఎవరూ తియ్యలేదు, నేను తీస్తున్నాను. టేబుల్ ఇంక కుదరదు, ఒక డబ్బా పెడదాం. వచ్చిన డబ్బు దేనికో ముందే చెప్పి పెడదాం. గోరా కోడలు హేమలత, కవి జాషువా గారి కూతురు, నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం, అంటే దేవుడికిచ్చి పెళ్లి చేసిన ఆడపిల్లల కోసం పనిచేసింది. 1988లో చట్టం వచ్చింది, జోగినిని చెయ్యడం నేరమైంది. మా మక్తల్, ఊట్కూరు వైపు ఆ తల్లుల పిల్లలు ఇప్పటికీ బడిలో ఫారం నింపేటప్పుడు తండ్రి పేరు అన్న గడి దగ్గర ఆగిపోతారు. నా క్లాసులో ఒకడు ఉండేవాడు. సారు అడిగితే పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి కూర్చున్నాడు. గంట కొట్టాక ఫారం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు, మళ్లీ బడికి రాలేదు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను ఊరి మీద వదిలితే ఇట్లా అవుతుంది. నాకు కోపం అక్కడ నుంచి వస్తుంది. డబ్బు ఆ పిల్లల చదువుకు పోవాలి.

నకిరేకల్, 8:41
అట్లనే. మొదటి నోటు నాది. మా గుడి ఆడవాళ్లకు కూడా చెప్తాను, ఈ సంగతి వింటే వాళ్లూ ఇస్తారు. నలుగురైదుగురు శనివారం వస్తామంటున్నారు కూడా. వాళ్లను ఎవరూ ఏమీ అనొద్దు.

మక్తల్, 8:43
నా పక్కన కూర్చోబెట్టండి.

అచ్చంపేట, 8:50
క్విజ్ ఉందా లేదా? పిల్లలు అడుగుతున్నారు.

దేవరకొండ, 9:05
క్విజ్, ఫొటోలు వదిలెయ్యండి. బదులుగా పిల్లలు తలా ఒక ప్రశ్న తయారు చేసుకుని రావాలి, దేవుడి మీద, దెయ్యం మీద, దేని మీదైనా సరే. సార్ ఫోన్‌లో జవాబు చెప్తారు. వదినను కూడా అడగొచ్చు.

శనివారం పదకొండు, గాంధీ విగ్రహం దగ్గర. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నీళ్ల సీసా, ఒక దుప్పటి తెచ్చుకోండి. చెత్త సంచులు నేను తెస్తున్నాను. ఇప్పటిదాకా అరవై రెండు మంది. ఇంకా వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోపు ఇక్కడే రాయండి, వదినకు పిండి లెక్క కావాలి.