రైస్ మిల్లు డ్రైవ్ ప్యానెల్‌కు ఏసీ కావాలా, ఫ్యాన్ సరిపోతుందా?

పెద్దపల్లి, మిల్లు ఎలక్ట్రీషియన్:
మా ప్యానెల్‌లో మూడు డ్రైవ్‌లు (మోటార్ల వేగం మార్చే పరికరాలు) ఉన్నాయి. పాలిషర్‌ది 37 కిలోవాట్లు, రెండు బ్లోయర్లవి 15 చొప్పున. యాసంగి వడ్లు వచ్చేదే ఏప్రిల్, మే నెలల్లో. బయట 44 డిగ్రీలు కొడితే మధ్యాహ్నం రెండు దాటాక ఓవర్ టెంపరేచర్ అని ట్రిప్ అవుతోంది. తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి నడుపుతున్నాం. సేటు ప్యానెల్ ఏసీ కొందామంటున్నారు. రెండు పెద్ద ఫిల్టర్ ఫ్యాన్లు చాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కాజీపేట, ప్యానెల్ తయారీ:
తమ్మీ, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి గాలి బయటి గాలి కంటే చల్లబడదు. డ్రైవ్ కెపాసిటీలో సుమారు 3 శాతం వేడిగా పోతుంది. మీ మూడూ కలిపి 67 కిలోవాట్లు, అంటే ఫుల్ లోడ్‌లో 2000 వాట్లు. రెండు ఇస్త్రీపెట్టెలు ఆన్ చేసి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. చాలా డ్రైవ్‌లు 40 డిగ్రీల వరకే పూర్తి కరెంటు ఇస్తాయి, ఆపైన 50 దాకా లోడ్ తగ్గించి వాడాలి. బయటే 44 ఉంటే మీకు మిగిలింది 6 డిగ్రీలు. వాట్లను ఆ 6తో భాగించి 3.1తో గుణిస్తే గంటకు 1000 ఘనపు మీటర్లకు పైనే గాలి కావాలి. అదీ ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు. తవుడులో నూనె ఉంటుంది, దులిపితే రాలదు. ఫిల్టర్‌ని వేలితో రుద్ది చూడండి, జిడ్డు ముద్ద వస్తుంది.

ఏసీయే పెట్టండి. రేకు గుండా లోపలికి వచ్చే ఎండ వేడికి మరో 300 వాట్లు కలుపుకోండి. ఏసీ ఎన్ని వాట్ల వేడి తీస్తుందని కేటలాగులో రాసే అంకె సాధారణంగా బయట 35, లోపల 35 దగ్గరిది. మన ఎండకు అది తగ్గుతుంది. 50 దగ్గర ఎంతిస్తుందో అడిగి కొనండి.

రామగుండం, మెయింటెనెన్స్:
అన్నా, లెక్క సరైనదే. కానీ నేను ఇదివరకు పనిచేసిన చోట ఏసీ సెట్ పాయింట్ (లోపల ఉంచాల్సిన టెంపరేచర్) 22 పెట్టి వదిలేశారు. మృగశిర కార్తె వానల్లో ఒకరోజు తలుపు తీసి పది నిమిషాలు పనిచేశాం. వైర్లు బిగించే టెర్మినల్ స్ట్రిప్ మీద, డ్రైవ్ సర్క్యూట్ కార్డు అంచున చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఆన్ చేయగానే కార్డు కాలిపోయింది. పైగా ఏసీ బయటి కాయిల్‌కూ అదే తవుడు పడుతుంది కదా? డ్రైవ్ హీట్‌సింక్‌ను, అంటే దాని వేడిని బయటికి వదిలే రెక్కల లోహపు దిమ్మను, ప్యానెల్ వెనక నుంచి బయటికి తీస్తే వేడిలో ఎక్కువ భాగం అసలు లోపలికే రాదు.

కాజీపేట, ప్యానెల్ తయారీ:
అది సెట్ పాయింట్ చేసిన పని. 35 పెట్టండి, వానాకాలంలో కూడా నీరు పట్టదు. తలుపు తీయగానే ఏసీ ఆగేలా లిమిట్ స్విచ్ తప్పనిసరి. హీట్‌సింక్ బయటికి తీసే పద్ధతి నాకూ ఇష్టమే, కొత్త ప్యానెల్ అయితే అదే చేస్తాను. ఉన్నదాన్ని కోయడం కష్టం.

జమ్మికుంట, జిన్నింగ్ మిల్లు సూపర్‌వైజర్:
మాకు ఫిల్టర్ ఫ్యాన్లే నడుస్తున్నాయి, షిఫ్టుకోసారి నూగు పీకేస్తాం. కానీ మా పత్తి పని ఎక్కువగా చలికాలంలోనే. మమ్మల్ని చూసి మీరు ఫ్యాన్లు కొనకండి. ఆ టేబుల్ ఫ్యాన్ మాత్రం ఇవాళే తీసేయండి, తవుడంతా కార్డుల మీదికే కొడుతోంది.

పెద్దపల్లి, మిల్లు ఎలక్ట్రీషియన్:
ఇవాళ కరెంటు పోయినప్పుడు చూశాను. ప్యానెల్ వెనక గోడకు నాలుగు వేళ్ల సందు కూడా లేదు, హీట్‌సింక్ బయటికి తీసే వీల్లేదు. అడుగున ఐదు కేబుల్ రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి, ఒక్కోదాని చుట్టూ తవుడు కుప్ప. అవి మూసేసి ఏసీకే వెళ్తాం. పైన పెట్టాలా, తలుపుకు పెట్టాలా?

రామగుండం, మెయింటెనెన్స్:
తలుపుకే పెట్టండి. డ్రైవ్ ఫ్యాన్లు గాలిని కింది నుంచి పైకి తోస్తాయి, పైన ఏసీ పెడితే చల్లగాలి వాటికి ఎదురు కొడుతుంది. డ్రైన్ పైపు మూసుకుపోయినా నీళ్లు డ్రైవ్‌ల మీద పడవు.