టాలీలో 1,240, ర్యాక్‌లో 910. స్టోర్ లెక్క మీరెలా కుదుర్చుకున్నారు?

పీణ్య_బుష్: మాది బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్, సీఎన్‌సీ టర్నింగ్ (కంప్యూటర్‌తో నడిచే లేత్ పని), 35 మందిమి. మొన్న కస్టమర్ అర్జెంట్ అంటే టాలీలో (మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) 1,240 బుష్‌లు (గొట్టం లాంటి చిన్న విడిభాగాలు) చూసి సరే అన్నాను. ర్యాక్‌లో 910 ఉన్నాయి. రాత్రంతా మెషీన్ నడిపి ఇచ్చాం. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? ర్యాక్‌లు ఎలా పెట్టుకోవాలి? బార్‌కోడ్ మనలాంటి చిన్నవాళ్లకు పనికొస్తుందా?

బొమ్మసంద్ర_అన్న: సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ. మేం లక్షన్నర పోసి కొన్నాం, తేడా అలాగే ఉంది. ఎందుకంటే సెకండ్ షిఫ్ట్‌లో స్టోర్‌కీపర్ ఉండడు, తాళం సూపర్‌వైజర్ దగ్గర, ఇన్సర్ట్‌లూ (మెషీన్‌లో లోహం కోసే చిన్న పళ్లు) డ్రిల్లులూ ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లు, పొద్దున ఒక్కడూ రాసేవాడు కాదు. ఇప్పుడు రాత్రికి కావలసినవన్నీ సాయంత్రం 5:30కే ఒక ట్రేలో తీసి, చీటీ రాసి, స్టోర్‌కి తాళం వేసేస్తాం. మిగిలినవి పొద్దున ట్రేతో సహా వెనక్కి. మూడు నెలల్లో తేడా బాగా తగ్గింది.

జింక్_బాధితుడు: ముందు ప్లేటింగ్ వాళ్ల దగ్గర, అంటే జింక్ పూతకి పంపిన చోట, ఎన్ని ఉన్నాయో చూడండి. ఇలా జాబ్ వర్క్‌కి (బయటివాళ్లతో పని చేయించడానికి) పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి జీఎస్టీ కట్టమంటారు, వడ్డీ వేరే. నేను కట్టాను, అందుకే చెబుతున్నా. మా ప్లేటింగ్ ఆయన కాటా మీద తూచి ఇన్ని ముక్కలు అనేవాడు, ఏడాది పాటు అదే నమ్మాను. కాటా లెక్క నమ్మొద్దు!

స్టోర్స్_22_ఏళ్లు: తప్పు చెబుతున్నారు. నేను ఆటో విడిభాగాల కంపెనీ స్టోర్స్‌లో 22 ఏళ్లు చేశాను, బోల్టులు, నట్లు అన్నీ కాటా మీదే తీసుకున్నాం. ముందు కొన్ని ముక్కలు శాంపిల్‌గా తూచి, ఒక్కోదాని బరువును బట్టి మొత్తం లెక్కగడతాం; 10 ముక్కలు శాంపిల్ పెడితే లెక్క తప్పుతుంది, 100 పెట్టండి. కాటాది తప్పు కాదు, వాడేవాళ్లది.

జింక్_బాధితుడు: సార్, ప్లేటింగ్ అయ్యాక బరువు పెరగదా?

స్టోర్స్_22_ఏళ్లు: 8 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) జింక్‌కి ఏం పెరుగుతుందండీ? ఫ్లోర్ మీద నిలబడి పని చేసినవాళ్లు అడిగే ప్రశ్న కాదు ఇది.

జిగణి_ప్రెస్‌షాప్: నేను రోజూ ఫ్లోర్ మీదే ఉంటాను సార్, ఆ మాట అనొద్దు. బోల్టుకైతే మీరన్నది నిజమే. మాది 1 మి.మీ. వాషర్. రెండు వైపులా 8 మైక్రాన్లు పడితే బరువు ఇంచుమించు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. ప్లేటింగ్‌కి ముందు తీసిన శాంపిల్‌తోనే తూస్తే 10,000కి 150 దాకా ఎక్కువ చూపిస్తుంది. అంటే 150 తక్కువ వచ్చినా కాటా సరిపోయిందనే అంటుంది, నష్టం మనకి.

స్టోర్స్_22_ఏళ్లు: వాషర్‌కి ఒప్పుకుంటున్నా. ప్లేటింగ్ తర్వాత మళ్లీ కొత్త శాంపిల్ తీయాలి, మేం తీసేవాళ్లం, అది రాయలేదు నేను. కానీ కాటా నమ్మొద్దు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే కుర్రాళ్లు 10,000 వాషర్లు చేత్తో లెక్కపెడుతూ కూర్చుంటారు.

అంబత్తూర్_నుంచి: ర్యాక్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2015 డిసెంబర్ చెన్నై వరదలో మా షెడ్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బరువని బేరింగ్‌ల పెట్టెలన్నీ కింది వరుసలో పెట్టాం, అన్నీ పోయాయి. స్టాక్ రిజిస్టర్ కూడా అక్కడే తడిసిపోయింది, ఇన్సూరెన్స్ వాళ్లకు ఏం పోయిందో చూపించలేకపోయాం. నాన్నగారు ఆ నెలంతా సరిగ్గా నిద్రపోలేదు. కింద రాడ్లు, కాస్టింగ్‌లు మాత్రమే పెట్టండి. రోజూ లెక్క ఒక కాపీ షెడ్ బయట ఎక్కడైనా ఉంచండి.

హోసూరు_రోడ్: బ్యాంకుకి నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తున్నారా? టాలీ అంకె చూసే డ్రాయింగ్ పవర్ (స్టాక్ మీద ఎంత అప్పు వాడుకోవచ్చనే పరిమితి) ఇస్తారు. వాళ్లొచ్చి ర్యాక్ లెక్కపెడితే చాలా ఇబ్బంది, ఇది ముందు సరిచేసుకోండి.

పీణ్య_బుష్: ఈరోజు ప్లేటింగ్ షాప్‌కి వెళ్లి నేనే కూర్చుని లెక్కపెట్టాను. 330లో 270 అక్కడే ఉన్నాయి, రెండు నెలలుగా. బయటికి చలాన్ రాశాం గానీ టాలీలో ఎంట్రీ వేయలేదు. మిగతా 60 మా రిజెక్షన్ ట్రేలో దొరికాయి, బోర్ ఓవర్‌సైజ్ (లోపలి రంధ్రం పెద్దదైపోయింది), ఎవరూ రాయలేదు. బొమ్మసంద్ర అన్నా, ఆ రాత్రి ట్రే చీటీ ఎలా ఉంటుందో ఒక ఫోటో పెట్టగలరా? రేపు సాయంత్రం నుంచే మొదలుపెడతాను.