కార్ సీట్ క్లాత్: మెరుపు కావాలంటే పోగులు లేచిపోతున్నాయి, ఏం చేయాలి?

పోగుల_పిచ్చి
నమస్తే అండీ. 4 ఏళ్లు డ్రెస్ మెటీరియల్స్, కర్టెన్లు డిజైన్ చేశాక ఈ మధ్యే కార్ ఇంటీరియర్ బట్టలు నేసే చోట చేరాను. మొదటి పని సీట్ మధ్యలో వచ్చే జాకార్డ్, అంటే డిజైన్ నేతలోనే వచ్చే బట్ట. ముదురు బూడిద గ్రౌండ్ మీద నీలం ఏటవాలు చారలు, నీలం బాగా మెరవాలని ఆ పేక (అడ్డం) పోగుని 10, 12 పడుగు (నిలువు) పోగుల మీదుగా కట్టు లేకుండా వదిలేశాను, చేతిలో పట్టుకుని చూస్తే అబ్బ అనిపించింది. ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన ముక్క చూస్తే ఏడుపొచ్చింది, నీలమంతా ఉచ్చులు ఉచ్చులుగా లేచి వేలాడుతోంది. ఇంకోటి, బూడిద రంగు డోర్ ప్లాస్టిక్‌తో కలవట్లేదని కస్టమర్ దగ్గర్నుంచి కూడా వెనక్కొచ్చింది, మా టేబుల్ మీద ట్యూబ్‌లైట్ కింద రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే కదా పంపాను! ఫ్లోట్లు, అంటే అలా కట్టు లేకుండా వదిలిన పోగులు, కుదిస్తే మెరుపు పోతుంది, డిజైన్‌లో ఉన్నదే అది. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

ల్యాబ్_బాబాయ్
12 పోగుల ఫ్లోట్ కర్టెన్‌కైతే పర్లేదండీ, దాని మీద ఎవరూ కూర్చోరు కదా. సీట్ మీద అయితే జీన్స్ వెనక జేబు రివెట్, బ్యాగ్ వెల్‌క్రో, తాళాలు, కుక్క గోళ్లు, రోజూ ఏదో ఒకటి గీరుతూనే ఉంటుంది. మీకు ఫెయిలైంది మేస్ స్నాగ్ టెస్ట్ అనుకుంటా, తిరిగే సిలిండర్‌కి బట్టని తొడుగులా వేస్తారు, గొలుసుకి వేలాడే ముళ్ల గుండు దాని మీద ఎగిరెగిరి పడుతుంది, 600 చుట్లు.

మెరుపుని నేతలోంచి కాకుండా పోగులోంచే తెచ్చుకోండి. ట్రైలోబల్ పాలిస్టర్ అని ఉంటుంది, మామూలు ఫిలమెంట్‌ని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది, ఇది మూడు రేకుల పువ్వులా ఉంటుంది, వెలుతురు ఆ రేకుల మీద పడి తళుక్కుమంటుంది. నీలం దాంట్లో తీసుకుని గ్రౌండ్‌కి ఎయిర్ టెక్స్‌చర్డ్ పోగు పెట్టండి, అది నూలు దారంలా మ్యాట్‌గా ఉంటుంది, పక్కన మ్యాట్ ఉంటేనే మెరుపు కంటికి ఆనేది. ఫ్లోట్‌ని 4, 5 పోగులకి ఒకసారి కట్టేయండి, ఆ కట్లు ఒకే వరసలో పడకుండా చెదరగొట్టండి, లేదంటే చారలో ఇంకో చార కనబడుతుంది.

తర్వాత బట్టని రుద్ది అరుగుదల చూసే మార్టిండేల్ రాపిడి టెస్ట్ ఉంటుంది, అదీ అయ్యాక మంట. కార్ లోపలి బట్టల మంట గురించిన అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 ప్రకారం అడ్డంగా బిగించిన ముక్క అంచుకి 15 సెకన్లు మంట పెడతారు, అది నిమిషానికి 102 మిల్లీమీటర్ల కంటే వేగంగా పాకకూడదు. వెనక అంటించిన ఫోమ్‌తో కలిపే చూస్తారు, బట్ట విడిగా పాసై లామినేషన్ అయ్యాక ఫెయిలైన ముక్కలు నా చేతుల మీదుగా చాలానే పోయాయి, అందుకే మీ శాంపిల్‌ని ఫోమ్ వేయించాకే ల్యాబ్‌కి పంపండి.

రంగుల_గూడు
బూడిద రంగు సంగతి నేను చెప్తా, ఇది నన్ను కూడా బాగా ఏడిపించింది. ప్లాస్టిక్‌లో ఉండేది పిగ్మెంట్, మీ పోగులో ఉండేది డిస్పర్స్ డై (పాలిస్టర్‌కి అద్దే రంగు), ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే అనిపిస్తాయి, ఎండలోకి తీసుకెళ్తే ఒకటి కాస్త ఆకుపచ్చగా ఒకటి కాస్త ఎర్రగా తిరుగుతుంది. దీన్నే మెటామెరిజం అంటారు. లైట్ బాక్స్‌లో డీ65, ఏ, టీఎల్84 మూడింటిలోనూ చూడండి, అంటే పగటి వెలుగు, పాత ఫిలమెంట్ బల్బు, దుకాణాల్లో ఉండే ట్యూబ్. బూడిద, లేత గోధుమ లాంటి రంగులు అన్నిటికన్నా మొండివి, కొంచెం తేడా వచ్చినా పట్టిచ్చేస్తాయి. రంగుల తేడాని కొలిచే డెల్టా-ఈ నంబర్ తక్కువ వచ్చిందని సంబరపడి వదిలేయకండి, డోర్ ప్లాస్టిక్‌ని నిలబెట్టి, బట్టని సీట్‌లా పడుకోబెట్టి చూడండి, కార్‌లో అవి ఉండేది అలాగే కదా.

ఇంకోటి, ఫ్లేమ్ లామినేషన్‌లో ఫోమ్ పైపొరని గ్యాస్ మంటతో కరిగించి ఆ జిగట మీదే బట్టని అదుముతారు, ఆ వేడికి షేడ్ కొద్దిగా జరుగుతుంది. కాబట్టి రంగు ఒప్పించుకోవాల్సింది లామినేట్ అయిన ముక్క మీదే. ముదురు బట్ట అయితే సీట్ వంపు మీద సాగినప్పుడు పోగుల సందుల్లోంచి తెల్ల ఫోమ్ కనబడుతుంది, ముదురు ఫోమ్ అడగండి.

ఎండకి వెలిసిపోకూడదంటే డోప్ డైడ్ పోగు మంచిది, పాలిమర్ కరిగి ఉన్నప్పుడే రంగు కలిపేస్తారు కాబట్టి పోగు లోపలిదాకా ఉంటుంది. కాకపోతే షేడ్‌లు తక్కువ, ఒక్కో షేడ్‌కి పెద్ద లాట్ కొనాలి. బూడిద అలా తీసుకుని నీలం ఒక్కటే అద్దించుకోండి.

కుట్టు_మిషన్
నేను సీట్ కవర్లు కోసి కుట్టే వైపు ఉంటాను, మీరందరూ బట్ట దగ్గరే ఆగిపోయారు. ఏటవాలు చారలు అన్నారు కదా, దిండు ముక్కలో చార, వీపు ముక్కలో చార కలవాలి, ఎడమ సీట్‌కీ కుడి సీట్‌కీ అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా ఉండాలంటారు, అప్పుడు రిపీట్ (డిజైన్ మళ్లీ మొదలయ్యే దూరం) పెద్దదైతే కటింగ్‌లో సగం బట్ట చెత్తలోకి పోతుంది, పైగా ఫినిషింగ్‌లో పేక ఒక పక్కకి వంగిందంటే చార సీట్ మధ్యలోకి వచ్చేసరికి పాములా తిరుగుతుంది, మా దగ్గర ఒకసారి అలాగే రోల్స్‌కి రోల్స్ పక్కన పడేశాం. రిపీట్ చిన్నది చేసుకోండి. సీట్ పక్కన ఉబ్బెత్తుగా ఉండే బోల్స్టర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అక్కడి కుట్టు లెక్క ప్రకారం చిరగాలి, బట్ట ఎక్కువ సాగితే బ్యాగ్ బయటికి రావడం ఆలస్యమవుతుంది, మీ జాకార్డ్‌ని అక్కడిదాకా తేకండి. నన్నడిగితే చారలే వద్దంటాను.

ల్యాబ్_బాబాయ్
చారలు వద్దంటే ఎలా అండీ! 1976లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ సీట్ మీద టార్టాన్ గళ్లు వేసింది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్, గళ్లంటే చారలకన్నా కష్టం, అటూ ఇటూ రెండు వైపులా కలవాలి. ఆ కారంటే జనానికి ఇప్పటికీ ఆ గళ్లే గుర్తొస్తాయి. కష్టమని మానేస్తే అన్ని కార్లూ నల్ల బట్టతోనే తిరుగుతాయి.

పోగుల_పిచ్చి
అందరికీ చాలా థ్యాంక్సండీ. ట్రైలోబల్ నీలంతో, 5 పోగులకి ఒక కట్టు పెట్టి చిన్న ముక్క నేయించాను. ఎదురుగా చూస్తే మెరుపు మునుపటికన్నా తక్కువే, కానీ ముక్కని వంచి పట్టుకుంటే వంపు దగ్గర చార ఒక్కసారిగా వెలుగుతోంది, సీట్‌కి కావాల్సింది అదే అనిపించింది. ముళ్ల గుండు కింద ఒక్క పోగు కూడా లేవలేదు. బూడిద మాత్రం ‘ఏ’ లైట్‌లో, అదే ఫిలమెంట్ బల్బు వెలుగులో, ఇంకా కొంచెం ఎర్రగా కొడుతోంది, డై కాంబినేషన్ మార్చి మళ్లీ అద్దిస్తున్నాం. కుట్టు_మిషన్ గారూ, రిపీట్ సగానికి తగ్గించాను, చార వాలు మీకు కోతలో ఏ కోణంలో ఉంటే తేలిగ్గా ఉంటుందో చెప్తారా? నేయించే ముందే మార్చేస్తాను.