కాలనీలో పెద్దవాళ్ల వాకింగ్ గ్రూప్ నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా కాలనీలో 60 దాటినవాళ్లందరినీ కలిపి పొద్దున్నే నడిపించాలని నేనూ మా అత్తయ్యా అనుకుంటున్నాం. 65 దాటినవాళ్లకీ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక లాంటి వ్యాయామం, దాంతోపాటు 3 రోజులైనా తూలిపడకుండా బ్యాలెన్స్ వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరే, కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ చకచకా నడిచేవాళ్లూ ఒకే గుంపులో ఎలా? రెండు జట్లు చేస్తే వెనకవాళ్లు చిన్నబుచ్చుకుని మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి పరగడుపున నడిస్తే షుగర్ పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజ్, బిస్కెట్లు వెంట ఉంచుతాం, ఇంకేం కావాలి? దగ్గర్లో పార్కు లేదు, రోడ్డు మీదే నడవాలి, కుక్కల బెడద ఒకటి. వానాకాలంలో మీరెక్కడ నడిపిస్తున్నారు? ముఖ్యంగా ఇల్లు కదలని ఆడవాళ్లను మొదటిసారి ఎలా రప్పించారో చెప్పండి ప్లీజ్.