షోయు చికెన్‌లో ఉప్పు తగ్గేదెలా? మాక్ సలాడ్ ఎందుకు ఎండిపోతోంది?

అందరికీ నమస్కారం. మేం నాలుగేళ్లు హవాయిలోని హోనొలులులో ఉండి, పోయిన ఏడాది డాలస్‌కి మారాం. పిల్లలిద్దరూ అక్కడి ప్లేట్ లంచ్ మీద బెంగ పెట్టుకున్నారు. రెండు గుండ్రటి ముద్దల అన్నం, షోయు (అంటే సోయా సాస్) చికెన్, పక్కన చల్లటి మాక్ (మాకరోనీ) సలాడ్. ఐదుగురికి బయట కొనాలంటే ఖర్చు తడిసి మోపెడవుతోంది, అందుకే ఇంట్లోనే చేస్తున్నాను.

చికెన్ తొడ ముక్కలు చవకగానే దొరుకుతున్నాయి. కప్పు సోయా సాస్, కప్పు నీళ్లు, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, దంచిన అల్లం వెల్లుల్లి వేసి సన్న మంట మీద 40 నిమిషాలు ఉడికిస్తాను. ముక్క ఎముక నుంచి జారిపోయేంత మెత్తగా వస్తుంది. కానీ పులుసు మాత్రం ఒకటే ఉప్పు! అక్కడ వాడే షోయు కాస్త తియ్యగా, తేలిగ్గా ఉండేది. మా అత్తగారికి బీపీ, ఆవిడ ముద్ద నోట్లో పెట్టి ఆగిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లు పెంచితే రుచి చప్పబడుతోంది. ఏం చేయాలి?

మాక్ సలాడ్‌ది ఇంకో బాధ. మాకరోనీ బాగా మెత్తగా ఉడికించి, వేడి మీదే వెనిగర్ చల్లి, చల్లారాక మయోనైజ్, క్యారెట్ తురుము కలుపుతాను. రాత్రి వెన్నలా ఉంటుంది, పొద్దున ఫ్రిజ్ తీసేసరికి పొడిపొడిగా అయిపోతోంది. మయోనైజ్ రెండు విడతలుగా కలపాలా, పాలు పోయాలా?

అన్నం సంగతి కూడా చెప్పండి. సోనామసూరి ముద్ద కట్టడం లేదు. జిగురుగా ఉడికే కాల్‌రోజ్ బియ్యం కొనక తప్పదా, నీళ్లు ఎక్కువ పోస్తే సరిపోతుందా?