పార్లమెంటేరియన్ కాదంటే సెనెట్‌లో ఇక దారే లేదా?

అమెరికా సెనెట్ నియమాలు బాగా తెలిసినవాళ్లు చెప్పండి. మామూలు బిల్లుపై చర్చ ముగించాలంటే 60 ఓట్లు కావాలి, బడ్జెట్ రీకన్సిలియేషన్‌కి (ఖర్చు, పన్నుల బిల్లులకున్న ప్రత్యేక పద్ధతి) మామూలు మెజారిటీ చాలు. 2017 పన్నుల చట్టం 51-48తో గట్టెక్కింది అలాగే. కానీ బర్డ్ రూల్ ఒకటుంది: ఖర్చు, ఆదాయాలపై ప్రభావం ప్రధానం కాక, వేరే విధాన లక్ష్యం వెంట వచ్చే పక్క ఫలితం మాత్రమే అయితే ఆ అంశం ఎగిరిపోతుంది. 2021లో గంటకు 15 డాలర్ల కనీస వేతనం అక్కడే చిక్కుకుంది: అది ఈ రూల్‌కి నిలవదని పార్లమెంటేరియన్ (సభా నియమాలపై సలహా ఇచ్చే సెనెట్ అధికారి) అన్నారు.

పార్లమెంటేరియన్ ఇచ్చేది సలహానే కదా. అధ్యక్షస్థానంలో ఉన్నవారు దాన్ని కాదంటే, ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టడానికి ఎదుటి పక్షానికే 60 ఓట్లు కావాలి. మరి డెమోక్రాట్లు ఎందుకు ఆగారు? ఆ వేతనం కోసం సెనెటర్ బెర్నీ శాండర్స్ తెచ్చిన సవరణ 42-58తో ఓడింది, సొంత పక్షంలోనే 8 మంది వద్దన్నారు. అసలు అడ్డంకి ఇదేనా, నియమాల్లో నాకు కనబడని మెలిక ఇంకేదైనా ఉందా? 2013లో నామినేషన్లకు వాడిన ‘న్యూక్లియర్ ఆప్షన్’కీ (మామూలు మెజారిటీతోనే సభ ఆనవాయితీని మార్చేయడం) దీనికీ తేడా ఏమిటి? పార్టీల మీద తిట్లు వద్దు, సభా పద్ధతి చెబితే చాలు.